కీ "ఐటమ్_"తో మొదలయ్యేవే కావాలి, పీహెచ్‌పీలో అర్రే_ఫిల్టర్ తిక్కగా చేస్తోంది

ప్రశ్న:
అన్నలూ, పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా. ఆర్డర్ ఫారమ్ సబ్మిట్ చేస్తే పోస్ట్ అర్రేలో (ఫారమ్ డేటా కీ-వాల్యూ జతలుగా వచ్చే జాబితా) ఐటమ్_12, ఐటమ్_15, ఓల్డ్_ఐటమ్_12, నేమ్, ఫోన్ అన్నీ కలగాపులగంగా వస్తున్నాయి. నాకు ఐటమ్_తో మొదలయ్యే కీలు, వాటి వాల్యూలతో సహా కావాలి. అర్రేలోంచి కావాల్సినవే ఏరే అర్రే_ఫిల్టర్ లోపల స్ట్ర్‌పోస్‌తో వెతికితే ఖాళీ అర్రే వచ్చింది. చివర్లో అర్రే_ఫిల్టర్_యూజ్_కీ అనే ఫ్లాగ్ తగిలిస్తే ఇప్పుడు ఓల్డ్_ఐటమ్_12 ఒక్కటే వస్తోంది, కావాల్సిన రెండూ మాయం! ఫోర్‌ఈచ్ రాసి పడేయొచ్చు గానీ, ఎందుకిలా అవుతోందో తెలియకపోతే నిద్ర పట్టేలా లేదు.

జవాబు 1:
మొదటి తప్పు మీరే దిద్దుకున్నారు. అర్రే_ఫిల్టర్ మామూలుగా కాల్‌బ్యాక్‌కి (మనం రాసిచ్చే ఫంక్షన్‌కి) వాల్యూనే ఇస్తుంది, కీ కావాలంటే ఆ ఫ్లాగ్ ఉండాల్సిందే, అదీ పీహెచ్‌పీ 5.6 వెర్షన్ నుంచే ఉంది. రెండోది మాత్రం పాత దొంగ, నన్నూ ఒక రాత్రంతా కూర్చోబెట్టింది. స్ట్ర్‌పోస్ చెప్పేది దొరికిందా లేదా అని కాదు, ఎన్నో స్థానంలో దొరికిందని. ఐటమ్_12లో మొదట్లోనే ఉంది కాబట్టి 0 వస్తుంది, ఫిల్టర్ దాన్ని ఫాల్స్ అనుకుని బయటికి నెట్టేస్తుంది, ఓల్డ్_ఐటమ్_12లో 4 వస్తుంది కాబట్టి దర్జాగా లోపలికొస్తుంది. వచ్చినదాన్ని 0తో మూడు ఈక్వల్స్ (===) పెట్టి పోల్చండి. రెండు పెడితే, దొరకనప్పుడు వచ్చే ఫాల్స్ కూడా 0తో సమానమైపోయి, అసలు దొరకని నేమ్, ఫోన్ కూడా వచ్చేస్తాయి. 8.0 నుంచైతే స్ట్ర్_స్టార్ట్స్_విత్ ఉంది, ఈ గొడవే లేదు.

జవాబు 2:
ఐటమ్_ తర్వాత అంకెలే ఉండాలంటే అదే ఫిల్టర్‌లో ప్రెగ్_మ్యాచ్ (ప్యాటర్న్‌తో సరిపోల్చేది) పెట్టుకోండి. ప్రెగ్_గ్రెప్ జోలికి మాత్రం నేరుగా వెళ్లకండి, అది చూసేది వాల్యూలనే. దానితోనే చేయాలంటే ముందు అర్రే_కీస్‌తో కీలు తీసి దానికివ్వాలి, తర్వాత అర్రే_ఫ్లిప్, ఆపైన అర్రే_ఇంటర్‌సెక్ట్_కీ... 5.6కి ముందు మేమంతా ఆ చేంతాడే రాసేవాళ్లం.

జవాబు 3:
అసలు ఫిల్టర్ ఎందుకు బ్రో? ఫారమ్‌లో ఇన్‌పుట్ పేరు ఐటమ్[12] అని పెడితే పీహెచ్‌పీయే ఐటమ్ అనే అర్రే కట్టి ఇస్తుంది, ఓల్డ్_ఐటమ్ దాని దారిన అది వేరేగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, ఆ 0 సంగతి తట్టనే లేదు. బ్రాకెట్ల పద్ధతి బాగుంది గానీ ఫారమ్ క్లయింట్ వాళ్లది, ముట్టుకోనివ్వరు. సర్వర్‌లో ఇంకా 7.4 ఉంది, నవ్వకండి. మూడు ఈక్వల్స్ పెట్టా, రెండూ వచ్చాయి.