అమెరికాలో గృహహింస: బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేస్తే నేరమవుతుందా?

ప్రశ్న: మా చెల్లెలు డిపెండెంట్ వీసా (భర్త వీసా ఆధారంగా ఇచ్చేది) మీద న్యూజెర్సీలో ఉంటోంది. భర్త చేయి చేసుకుంటున్నాడు. మూడేళ్ల పాప అక్కడే పుట్టింది; దాని పాస్‌పోర్టు చెల్లెలి దగ్గరే ఉంది. దేశం దాటించిన పిల్లలను తిరిగి పంపించే హేగ్ ఒప్పందంలో భారతదేశం లేదు కనుక విజయవాడ వచ్చేస్తే ఇక భయం లేదని బంధువులు అంటున్నారు. టికెట్లు తీయమంటారా?

సమాధానం: అప్పుడే తీయకండి. 1980 నాటి ఆ ఒప్పందంలో మనం చేరని మాట నిజమే గాని, తండ్రి ఇక్కడి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే అర్జీ) వేయడానికి అది అడ్డు రాదు. పెన్సిల్వేనియాలో కాపురమున్న తెలుగు దంపతుల కేసులో, తల్లి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లినప్పటికీ, పిల్లలను తిరిగి అమెరికాకు తీసుకెళ్లాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో మరో కేసులో, విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా పాప క్షేమమే ప్రధానమంటూ తల్లి వద్దే ఉంచింది. ఏ తీర్పు మనకు వర్తిస్తుందో ముందే చెప్పగల వకీలు ఉంటాడని నేను అనుకోను.

అమెరికాలో 1993 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, అవతలి తల్లి లేదా తండ్రి కస్టడీ హక్కుకు భంగం కలిగించే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటిస్తే మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. గృహహింస నుంచి తప్పించుకోవడానికే వచ్చానని వాదించే వీలును అదే చట్టం ఇచ్చింది, అయితే దానిని రుజువు చేసుకోవలసినది ఆమే. కాబట్టి కమిలిన చేతి ఫొటో, తేదీతో సహా ఆసుపత్రి చీటీ, పోలీసు రిపోర్టు నంబరు ఇప్పుడే మీకు పంపించమనండి. న్యూజెర్సీ కోర్టు తాత్కాలిక రక్షణ ఉత్తర్వుతో పాటు పాప కస్టడీ కూడా తాత్కాలికంగా ఇవ్వగలదు. తుది విచారణ సాధారణంగా పది రోజుల్లో పెడతారు. ఇండియా ప్రయాణానికి అనుమతి ఆ కోర్టునే అడగాలి.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే వీసా పోతుందని ఆయన బెదిరిస్తున్నాడండీ.

సమాధానం: ఫిర్యాదు చేసినంత మాత్రాన పోదు, విడాకులు మంజూరైతే మాత్రం ఆ హోదా ఉండదు. పోలీసులకు సహకరించిన బాధితులకు యూ వీసా అనే మార్గం ఉంది. 1985 నుంచి న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తున్న మానవి సంస్థతో ముందు మాట్లాడమనండి, అదీ భర్త చూడగల ఫోన్ నుంచి కాకుండా.

ఒకవేళ ప్రాణభయంతో ఇప్పటికే బయలుదేరి వచ్చేస్తే, 2005 గృహహింస చట్టం కింద తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి 21వ సెక్షన్ ప్రకారం పాప తాత్కాలిక కస్టడీ కోరవచ్చు. అక్కడి నుంచి కోర్టు నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకూడదు.