కౌలాలంపూర్, లంకావి: ఎనిమిది రోజులు తొందర లేకుండా గడపడం ఎలా?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

నమస్కారం. మా వారు మొన్న జూన్‌లో ఉద్యోగ విరమణ చేశారు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో పిల్లల చదువులూ, అత్తమామల ఆరోగ్యమూ చూసుకోవడంతోనే సరిపోయింది గాని, మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్లి నాలుగు రోజులు ఉండడమన్నది జరగలేదు. వచ్చే ఫిబ్రవరిలో మలేషియా వెళ్దామనుకుంటున్నాం. ఒక ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన ప్రణాళికలో రోజూ ఉదయం ఏడున్నరకే బస్సెక్కాలనీ, మూడు హోటళ్లు మారాలనీ ఉంది. మా వారికి మోకాళ్ల నొప్పులు, నేను శాకాహారిని. నిదానంగా తిరగాలంటే నగరానికి ఎన్ని రోజులు, దీవికి ఎన్ని రోజులు ఇవ్వాలో, వెళ్లివచ్చిన దంపతులు దయచేసి చెప్పగలరు.

జవాబు (బోడుప్పల్ నుంచి)

అమ్మా, రెండేళ్ల క్రితం మేమిద్దరం ఇదే ప్రయాణం చేశాం. ఏడు రాత్రుల్లో మూడు కౌలాలంపూర్‌కు, నాలుగు లంకావికి ఇవ్వండి; మేము దీన్ని తలకిందులుగా చేసి, దీవిని విడిచి వచ్చేటప్పుడు చాలా బాధపడ్డాం. శంషాబాద్ నుంచి నేరుగా విమానముంది, నాలుగు గంటలు పడుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కనుక రాత్రి విమానమెక్కితే నిద్ర చాలదు. మొదటి రోజు ఏ పనీ పెట్టుకోకుండా, సాయంత్రం పెట్రోనాస్ జంట భవనాల కింద ఉన్న పార్కులో నీళ్ల పక్కన కూర్చోండి. 452 మీటర్ల ఆ భవనాలను ఎక్కి చూడడం కన్నా, చీకటి పడి దీపాలు వెలిగాక కింది నుంచి చూడడమే నాకు ఎక్కువ నచ్చింది.

లంకావిలో ఫిబ్రవరి వానలు తక్కువగా ఉండే కాలం. చెనాంగ్ తీరానికి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో బస చూసుకోండి. ఒకరోజు కేబుల్ కారు, మరొకరోజు కిలిమ్ మడ అడవుల్లో పడవ షికారు. మిగిలిన రోజులను సముద్రానికే వదిలేయండి. అక్కడ పొద్దు గుంకేది ఏడు దాటాకే కాబట్టి సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి. నీరు వెనక్కి పోయిన తడి ఇసుకలో శనగగింజంత పీతలు ఇసుకను నోట మెదిపి, చిన్న చిన్న ఉండలు చేసి, కలుగు చుట్టూ చుక్కల ముగ్గులా పేరుస్తాయి. అడుగుల అలికిడి కాగానే చటుక్కున లోపలికి పోతాయి. మా ఆవిడ గంటసేపు వాటినే చూస్తూ కూర్చుంది, కారు వచ్చి నిలబడినా లేవలేదు.

జవాబు (వనస్థలిపురం నుంచి)

మోకాళ్ల సంగతి నేను చెబుతాను. కౌలాలంపూర్ శివార్లలో ఉన్న బాతు (Batu) గుహల్లోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి 272 మెట్లున్నాయి. మా వారు ఎక్కలేక, కింద నుంచే 42.7 మీటర్ల స్వామి విగ్రహానికి దండం పెట్టుకున్నారు. రైల్వే స్టేషను దగ్గరే నిలువెత్తు ఆంజనేయస్వామి, రామాయణ గుహ ఉన్నాయి. నగరంలోని పెద్ద స్టేషను కేఎల్ సెంట్రల్ నుంచి రైలు నేరుగా వెళ్తుంది. తైపూసం, అంటే అక్కడి సుబ్రహ్మణ్యస్వామి పండుగ, ఎప్పుడొస్తుందో మాత్రం చూసుకోండి, ఆ రోజుల్లో లక్షల మంది వస్తారు.

లంకావి కేబుల్ కారు పై స్టేషను నుంచి 125 మీటర్ల వంపు వంతెనకు దిగే దారి చాలా నిటారు. స్కైగ్లైడ్ అనే వాలు లిఫ్టుకు విడిగా టికెట్ తీసుకుంటే ఆ శ్రమ తప్పుతుంది. గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు, కనుక దాన్ని చివరి రోజుకు ఉంచకండి.

ఇక భోజనం. అక్కడ కంకుంగ్ అనేది మన తూటికూరే. చూడగానే ప్రాణం లేచివస్తుంది గాని, దాన్ని తరచుగా బెలాచన్‌తో, అంటే రొయ్యల ముద్దతో వేయిస్తారు. ‘తన్పా బెలాచన్’, అంటే బెలాచన్ లేకుండా, అని ముందే చెప్పండి. రోటీ చనాయ్, అంటే అక్కడి పొరల పరాఠాలోకి చేపల పులుసు వద్దని, పప్పే పోయమని అడగండి. అన్నం మీద మనసు పోతే కౌలాలంపూర్‌లో మనవాళ్ల పేట అయిన బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం దొరుకుతుంది.

జవాబు (మియాపూర్ నుంచి)

2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటును 2026 చివరి వరకు పొడిగించారు, టికెట్ కొనేముందు తాజా నిబంధన సరిచూసుకోండి. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా వారికి చదివి వినిపించాను. ఏజెంటుకు వద్దని చెప్పేసి, మూడు రాత్రులు నగరంలో, నాలుగు దీవిలో ఉండేలా టికెట్లు చూస్తున్నాం. బాతు గుహల మెట్లు నేనొక్కదాన్నే ఎక్కుతాను. నేను దిగివచ్చేదాకా ఆంజనేయస్వామి దగ్గర కూర్చుంటానన్నారు.