ఏడాది సరుకులు ఒకేసారి కొంటే నిజంగా మిగులుతుందా?

కూకట్‌పల్లి_శ్రావణి
మేం నలుగురం, అద్దె ఇల్లు, రెండు పడగ్గదులు. డిసెంబరులో బియ్యం, సంక్రాంతి దాటాక కందిపప్పు, మార్చిలో మిరపకాయలు, చింతపండు ఏడాదికి సరిపడా కొని పడేయమంటారు మా అత్తగారు. నేను నెలనెలా డబ్బాలు చూసుకుని, ఏం వండుకుంటామో అనుకుని, చీటీ రాసి కొంటాను. ఖర్చు తగ్గడానికి ఏది మేలు? చేసి చూసినవాళ్లు లెక్కతో చెప్పండి.

నరసరావుపేట_మాస్టారు
మీ అత్తగారి మాట వినమ్మా. పంట మార్కెట్టుకు వచ్చినప్పుడు కొనుక్కోవాలి. కంది కోతలు డిసెంబరు, జనవరిలో అవుతాయి, అప్పుడు సరుకు కళకళలాడుతూ ఉంటుంది. గుంటూరు యార్డుకు మిర్చి ఫిబ్రవరి నుంచి పోటెత్తుతుంది. బియ్యం సంగతి ఇంకా తేలిక. 5204 అనే సాంబ మసూరి రకం కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని ఎవరూ ఇష్టపడరు, అందుకే ధర తక్కువ. అవే బస్తాలు మనింట్లో మాగితే పొడిపొడిగా వస్తుంది, ఒదుగూ ఎక్కువ. పాత బియ్యానికి కొట్టువాడికిచ్చే తేడా మనకే మిగులుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

బెజవాడ_కిరణ్
శ్రావణి గారూ, ఏది కొన్నా 26 కిలోల బస్తానే కొనండి. 2022 జులై 18 నుంచి పేరు, బరువు ముద్రించి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ. అది దాటితే లేదు. మిల్లులవాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చింది అందుకే.

లెక్కల_గిరి
మాస్టారూ, మీ తేడా లెక్క వేద్దాం. నెలకు 25 కిలోలు, ఏడాదికి 300 కిలోలు. కిలో 60 అనుకుంటే 18,000. కొత్త, పాత బియ్యానికి 6 రూపాయలు తేడా ఉందనుకుందాం, మిగిలేది 1,800. నెలనెలా తరుగుతూ పోతుంది కాబట్టి సగటున 9,000 ఏడాదంతా బస్తాల్లో కట్టేసినట్టు. బ్యాంకులో 7 శాతానికి 630 వచ్చేది. అంటే నికరంగా 1,170. పురుగు పట్టి ఒక బస్తా పోతే అదీ లేదు.

ఇంకో మాట. 2022-23 కేంద్ర ప్రభుత్వ కుటుంబ వ్యయ సర్వేలో పట్టణాల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా దాదాపు 39 శాతం. అందులో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాలకు పోయేది మొత్తం ఖర్చులో 4 శాతం కూడా లేదు. పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ సరుకులకు 10 శాతం పైన. డబ్బు కారేది అక్కడ. శ్రావణి గారి చీటీ పట్టుకునేది దాన్నే.

బెజవాడ_కిరణ్
60 చొప్పున 25 కిలోల మీద 75 రూపాయలు పన్ను. అది కూడా లెక్కలో వేయండి.

లెక్కల_గిరి
విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ పన్ను లేదు కదండీ. ఇక్కడ ప్రశ్న అది కాదు.

బెజవాడ_కిరణ్
ఖర్చు తగ్గించడం గురించి అడిగారు, నేను చెప్పింది ఖర్చు గురించే.

నరసరావుపేట_మాస్టారు
గిరి గారూ, పురుగు ఎందుకు పడుతుంది? బస్తా నేల మీద పెడితే, తడి గోడకు ఆనిస్తే పడుతుంది. చెక్క మీద పెట్టి, ఎండిన వేపాకు వేయండి. కందిపప్పు బాగా ఎండబెట్టి ఆముదం పట్టించండి. మా ఇంట్లో ఏనాడూ ఒక్క గింజ పారేయలేదు. ఇప్పటి ఆడపిల్లలకు ఓపిక లేక ఫోన్ నొక్కి పావుకిలోలు తెప్పించుకుంటున్నారు. దాన్ని కూడా ప్రణాళిక అంటున్నారు.

కరీంనగర్_స్వప్న
ఒక్కపారే కొనుమంటున్నరు గని పైసలు ఏడున్నయి సార్? మా ఆయన ఆటో నడుపుతడు. ఏ రోజు పైసలు ఆ రోజే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ల సన్నబియ్యం మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నరు, బియ్యం బాధ అట్ల తగ్గింది. పప్పు, నూనెకు కొట్ల ఖాతా ఉన్నది. ఖాతా మీద తెస్తే ఆయన చెప్పిందే ధర, గట్టిగ అడిగితే ఖాతా బంద్ అంటడు. గిరి అన్నా, మీరు బ్యాంకు వడ్డీ లెక్క కట్టిన్రు. మాకు అప్పు నూటికి రెండు రూపాయల మీద దొరుకుతది. ఆ లెక్క కట్టి చెప్పున్రి.

లెక్కల_గిరి
నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. 9,000 మీద 2,160. మిగిలే 1,800 కంటే ఎక్కువ. అప్పు చేసి బస్తాలు కొంటే నష్టమే స్వప్న గారూ.

తెనాలి_పద్మ
ఓపిక మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది పెద్ద ఉమ్మడి కుటుంబం. మార్చి వచ్చిందంటే బస్తాల మిరపకాయలకు తొడిమలు తీసేది నేనూ మా తోటికోడలూ. చేతులు రాత్రంతా మండేవి, పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి భయమేసేది. చింతపండు గింజలు తీయడం, పప్పు మిద్దె మీద ఆరబోయడం, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తడం, అన్నీ మా పనే. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఈ ఏడు ఎంత మిగిలిందో చెప్పుకునేది మాత్రం మగవాళ్లు. ఆ మిగిలినదాంట్లో మా చేతికి ఒక్క రూపాయి వచ్చింది లేదు. గిరి గారూ, మీ 1,170లో ఈ కూలి ఎక్కడ వేశారు?

నరసరావుపేట_మాస్టారు
ఇంటి పనికి కూలి కట్టే కాలం వచ్చిందా అమ్మా! మా ఆవిడ ఏనాడూ అలా అనుకోలేదు.

తెనాలి_పద్మ
అనుకోలేదని మీరు చెబుతున్నారు. ఇక్కడ ఆవిడ రాయడం లేదు.

కూకట్‌పల్లి_శ్రావణి
మాస్టారూ, నేను ఉదయం ఎనిమిదికి ఆఫీసుకు బయల్దేరతాను. మాకు మిద్దె లేదు, బాల్కనీలో బట్టలే ఆరవు. ఓపిక లేదన్న మాట నాకు తగిలింది.

నరసరావుపేట_మాస్టారు
నొప్పించాలని అనలేదమ్మా. నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. కొత్తగా ప్రైవేటు బడిలో చేరిన రోజుల్లో నెలల తరబడి జీతం ఇవ్వలేదు. రోజూ నమస్కారం పెట్టే కొట్టాయన ముఖం తిప్పుకున్నాడు. ఇంట్లో చంటిపిల్ల. మా మామగారు పంపిన బియ్యం, పప్పే మమ్మల్ని నిలబెట్టాయి. అప్పటినుంచి ఇంట్లో బస్తా లేకపోతే నాకు నిద్ర పట్టదు. 1,170 మిగిలినా, అసలేమీ మిగలకపోయినా నేను కొంటాను. మీరంతా రూపాయల లెక్క చూస్తున్నారు, నేను చూసేది అది కాదు.

కరీంనగర్_స్వప్న
సార్, గా భయం మాకు ఇప్పటికీ ఉన్నది. మీకు బియ్యం పంపనీకి మామగారున్నరు. మాకు ఆ ఖాతా బుక్కే దిక్కు. అందుకే ఆ కొట్టాయన తోని కొట్లాడలేను.

లెక్కల_గిరి
మాస్టారూ, అయితే అది పొదుపు కాదు, బీమా. ఈ మాట మొదటే చెబితే ఇంత వాదన లేదు. కానీ శ్రావణి గారు అడిగింది ఖర్చు తగ్గించడం గురించి. బీమాకు రెండు బస్తాలు చాలు, పన్నెండక్కర్లేదు.

నరసరావుపేట_మాస్టారు
రెండు బస్తాలతో మాగిన బియ్యం ఎలా తింటారు?

తెనాలి_పద్మ
స్వప్న గారూ, నలుగురైదుగురు కలిసి టోకు దుకాణంలో బస్తా పప్పు తీసుకుని పంచుకోవచ్చు. మా వీధిలో చేస్తున్నాం. నగదు కాబట్టి బేరం ఉంటుంది, ఒక్కొక్కరికి పడేది కొన్ని వందలే. ఖాతా కొంచెం కొంచెంగా తగ్గించండి, ఒక్కసారి తెంచుకోవద్దు.

కరీంనగర్_స్వప్న
మా గల్లీల అడిగి చూస్త అక్కా. నూనె అయితే ముందు నగదుకే తెస్త.

కూకట్‌పల్లి_శ్రావణి
నూనె ప్యాకెట్టు మీద లీటరు రాసుందో 850 గ్రాములు రాసుందో చూడండి స్వప్న గారూ. లీటరంటే దాదాపు 910 గ్రాములు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

మా ఇంట్లో ఇలా అనుకున్నాం. మిర్చి, చింతపండు ఏడాదికి కొంటాం, అత్తగారి మాట కూడా నిలబడుతుంది. బియ్యం ఎప్పుడూ రెండు బస్తాలు ఉండేలా చూస్తాం. పప్పులు, నూనె నా చీటీ ప్రకారమే. తొడిమలు తీసేది మా ఆయన, ఆదివారాలు. ముందే చెప్పాను, సరేనన్నారు.

నరసరావుపేట_మాస్టారు
పప్పు విషయంలో పొరపాటు చేస్తున్నావమ్మా, జనవరిలో కొనాల్సిందే. చింతపండు మాత్రం గింజ, పీచు తీసి, రాళ్లుప్పు కలిపి జాడీలో గట్టిగా అదిమి పెట్టు. ప్లాస్టిక్ డబ్బా వద్దు. మీవారితో చేతులకు నూనె రాసుకుని కూర్చోమను, మిర్చి మంట తగ్గుతుంది.