మోంటెపుల్చానో అంటే ఊరా, ద్రాక్షా? అబ్రుజ్జో వాళ్లే పేరు మార్చుకోవాలంటాను

కావలి_టు_టొరినో:
ఇటలీలో ఉన్న మనవాళ్లు, వైన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. మా మేనేజర్‌ది టస్కనీ, సియెనా వైపు. "మా దగ్గరి మోంటెపుల్చానో తాగకుండా ఇటలీ వదిలి వెళ్లకు" అని ఎప్పుడో అన్నాడు. పోయిన శనివారం భోజనానికి పిలిస్తే, అది గుర్తుపెట్టుకుని మరీ సూపర్‌మార్కెట్‌లో మోంటెపుల్చానో దబ్రుజ్జో సీసా కొన్నాను, 5 యూరోలకి కాస్త తక్కువ. ఆయన లేబుల్ చూసి, చిన్నగా నవ్వి, థాంక్స్ చెప్పి వంటింట్లో పెట్టాడు. కాసేపటికి వాళ్లావిడ దాని బిరడా తీసి పొయ్యి మీది మాంసం కూరలో సగం పైగా ఒంపేసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఆయన చెప్పింది మోంటెపుల్చానో అనే ఊరి వైన్ అట, నేను కొన్నది అదే పేరున్న ద్రాక్షతో ఇంకెక్కడో చేసిందట. ఇది జనాన్ని మోసం చేయడం కాదా? ఊరు పాతది, కాబట్టి అబ్రుజ్జో వాళ్లే పేరు మార్చుకోవాలి.

కీసర_పందిరి:
మోసం అనే మాట ముందు వెనక్కి తీసుకోండి. మోంటెపుల్చానో ఊరు సియెనా జిల్లాలో కొండ మీద ఉంది. అక్కడ చేసే వినో నోబిలెకి వాడేది సాంజొవేజె ద్రాక్ష, దాన్నే ఆ ఊళ్లో ప్రూన్యోలో జెంటీలె అంటారు. అబ్రుజ్జో అటువైపు, ఏడ్రియాటిక్ సముద్రం పక్కన. అక్కడి ద్రాక్ష రకం పేరే మోంటెపుల్చానో. ఒకప్పుడు ఈ రెండు రకాలూ ఒకటే అని పొరపాటు పడ్డారు, డీఎన్ఏ పరీక్షల్లో వేరువేరని తేలింది. 1968 నుంచి చట్టప్రకారం అక్కడి వైన్ పేరు మోంటెపుల్చానో దబ్రుజ్జో, లేబుల్ మీద "దబ్రుజ్జో" (అంటే అబ్రుజ్జోది) అని ఉండి తీరాలి. మీ సీసా మీదా ఉంది. చదవకుండా కొని మోసం అంటే ఎలా? బంగినపల్లి మామిడి నూజివీడులో కాస్తే నూజివీడు రైతు మోసగాడా?

బెజవాడ_బ్యాచిలర్:
నేను సీసా మీద బొమ్మ చూసి కొంటాను. ఏ గొడవా లేదు.

కావలి_టు_టొరినో:
బంగినపల్లితో పోలికేంటండీ? ఆ మామిడికి బంగినపల్లి ఊరితో నిజంగా చుట్టరికం ఉంది, 2017లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇక్కడ తమాషా ఏంటంటే మోంటెపుల్చానో ఊరి పేరున్న వైన్‌లో ముఖ్యమైన ద్రాక్ష మోంటెపుల్చానో కాదు. పైగా మీరు చెప్పే దబ్రుజ్జోలో ఆ ద్రాక్ష 85 శాతం ఉంటే చాలట. మిగతా 15 శాతం ఏంటి? పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి.

కీసర_పందిరి:
85 శాతం కనీసం. చాలా సీసాల్లో నూటికి నూరు అదే ఉంటుంది. మీ మేనేజర్ గొప్పగా చెప్పిన వినో నోబిలెలో సాంజొవేజె కనీసం 70 శాతమే, తెలుసా? దాని గురించి మాట్లాడరేం?

కావలి_టు_టొరినో:
70 గురించి నేను అడగలేదు. నోబిలె అన్నది ద్రాక్ష పేరు కాదు కదా, అందులో ఎంత శాతం ఏది వేసినా పేరు అబద్ధం కాదు. మీరు 15 శాతానికి జవాబు చెప్పండి.

కీసర_పందిరి:
చట్టం ఒప్పుకున్న వేరే నల్ల ద్రాక్ష. అయిపోయిందా?

కావలి_టు_టొరినో:
అవలేదు.

రాజమండ్రి_రుచి:
ఇద్దరూ శాతాల్లో పడి సీసా పక్కన పెట్టేశారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేటప్పుడు మాకు రెండూ పక్కపక్కన పోసి ఇచ్చేవారు. కళ్లకి గంతలు కట్టినా తేడా తెలుస్తుంది. సాంజొవేజెలో పులుపు ముందు నాలుక పక్కలకి తగులుతుంది, వెనకాలే చిగుళ్లు బిగుసుకునే వగరు వస్తుంది, రంగు కూడా పల్చన. అబ్రుజ్జోది చిక్కటి ఊదా రంగు, నేరేడు పండు తిన్న నాలుకలా పళ్లకి అంటుకుంటుంది. పులుపు తక్కువ, వగరు ఉన్నా మెత్తగా ఉంటుంది. ఆ ద్రాక్ష తొక్క అంత దట్టం మరి. ఆ తొక్క రసంలో కొద్ది గంటలుంటే చాలు, చెర్రీ రంగు దిగుతుంది. దాన్నే చెరాసువోలో అని వేరే వైన్‌గా అమ్ముతారు, వేసవిలో చల్లగా బాగుంటుంది. అబ్రుజ్జోలో గొర్రె మాంసం ముక్కలు పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చుకుని ఈ నల్ల వైన్‌తో తింటారు. మన మటన్ వేపుడికి సరిగ్గా సరిపోతుంది, కారం మాత్రం తగ్గించాలి. కావలి తమ్ముడూ, ఈసారి ఆయనకి ఆ ఊరిదే ఇవ్వాలంటే, నోబిలె ఖరీదు అనిపిస్తే రోస్సో ది మోంటెపుల్చానో అని ఉంటుంది, అది తీసుకెళ్లు.

కావలి_టు_టొరినో:
థాంక్స్ అక్కా. చూశారా, రోస్సో ది మోంటెపుల్చానో ఒకటి, మోంటెపుల్చానో దబ్రుజ్జో ఒకటి. "ది"కీ "ద"కీ తేడా చూసుకుని కొనాలా మనుషులు?

మెట్‌పల్లి_మ్యూనిక్:
ఇక్కడ జర్మనీలో డిస్కౌంట్ షాపుల్లో 4 యూరోలకి దొరికే సరుకు అది. దానికి ఇంత చర్చేంటి భయ్యా? పిజ్జాతో తాగి సీసా పారేసే వైన్. కూరలో పోయడమే కరెక్ట్.

కీసర_పందిరి:
మ్యూనిక్ భయ్యా, ఆ "సరుకు"ని నేను రెండు అక్టోబర్లు నా చేత్తో కోశాను. చదువుకునే రోజుల్లో ఖర్చులకి అబ్రుజ్జోలోని కియేటి జిల్లాలో కోత పనికి వెళ్లేవాణ్ని. ఆ ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది, అందరి కోతలూ అయిపోయాక దీనిది మొదలవుతుంది. తెందోనె అంటారు అక్కడ, అచ్చం మన పందిరే. నెత్తి మీద గుత్తులు, చెయ్యెత్తి కత్తెరతో కోయాలి, రసం మోచేతి దాకా కారి చొక్కా లోపలికి పోతుంది, దానికోసం కందిరీగలు. మొదటిరోజు ఆ పందిరి కింద నిలబడగానే ఏడుపొచ్చింది నాకు. మా నాన్న కీసర దగ్గర రెండెకరాల్లో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిరి వేసేవాడు. ఇప్పుడక్కడ ప్లాట్లు.
పందిరి మీద కాపు ఎక్కువ. రూల్ కూడా దబ్రుజ్జోకి హెక్టారుకి 14 టన్నుల దాకా ఒప్పుకుంటుంది, నోబిలెకి 8 టన్నులే. అందుకే చవక. రైతులు చాలామంది సహకార సంఘాలకే పోస్తారు. సంఘం గేటు ముందు ట్రాక్టర్ల వరస, లోపల తూకం వేసి రసంలో తీపి ఎంతుందో యంత్రంతో చూస్తారు. నేను కోతకి వెళ్లిన తోట ముసలాయన ఆ అంకె కోసం టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడేవాడు. ఆయనది పారేసే వైనా?

మెట్‌పల్లి_మ్యూనిక్:
సారీ బ్రో, ధర గురించి అన్నాను, మనిషి గురించి కాదు.

కావలి_టు_టొరినో:
ఇదే కదా నేను మొదటినుంచీ చెప్పేది! పక్కవాడి పేరు మోస్తున్నంత కాలం ఆ ముసలాయనది "నోబిలె కొనలేనివాళ్ల వైన్" గానే ఉంటుంది. సొంత పేరు పెట్టుకుంటే సొంత ధర వస్తుంది.

కీసర_పందిరి:
మొదటినుంచీ అదా చెప్పింది? మొదట మోసం అన్నారు. పేరు మారిస్తే ధర పెరగదు. అబ్రుజ్జోలో వైన్ చేసే ఎమిడియో పెపె, వాలెంటిని అదే మోంటెపుల్చానో దబ్రుజ్జో పేరుతో, పందిరి మీది ద్రాక్షతోనే చేసిన సీసాలు అమ్ముతారు, వాటి ధర చూసి రండి, మీ మేనేజర్ నోబిలెలు దాని ముందు దిగదుడుపే. అబ్రుజ్జోలోనే తెరామో కొండల వైన్‌కి 2003లో నోబిలెతో సమానమైన హోదా ఇచ్చారు, పేరులో మోంటెపుల్చానో ఉంచే. ఈమధ్య నోబిలె వాళ్లే తమ సీసాల మీద "టోస్కానా" (టస్కనీ) అని వేయడం తప్పనిసరి చేసుకున్నారు. సర్దుకున్నది ఊరివాళ్లు. మీ బాధ పేరు గురించి కాదు బ్రదర్. 5 యూరోల సీసా పట్టుకెళ్లానే అని.

కావలి_టు_టొరినో:
అవును, అదే. ఏం తప్పా? ఆయన నవ్వింది పేరు చూసో ధర చూసో నాకు ఇప్పటికీ తెలీదు. వచ్చే నెల అప్రైజల్ ఉంది, టెన్షన్ నాది. మీరేమో మీ నాన్నగారి తోట పోయిన కోపం నా మీద చూపిస్తున్నారు. ఆ ముసలాయనకి గిట్టుబాటు కావాలంటే ఆ సీసా 5 యూరోలకి అమ్మకూడదు, దాన్ని వెనకేసుకొచ్చేది మీరే.

కీసర_పందిరి:
మా తోట మాటెత్తకండి. 5 యూరోలకి అమ్మబట్టే మీలాంటివాడు కొన్నాడు, లేకపోతే ట్రాక్టర్ వెనక్కి వెళ్లేది. అలా వెనక్కొచ్చిన లోడు మా ఇంట్లో చూశాను నేను, మూడు రోజులు వాకిట్లో ఉంది, వీధంతా పులిసిన వాసన.

రాజమండ్రి_రుచి:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

బెజవాడ_బ్యాచిలర్:
ఇంతకీ ఆ కూర ఎలా ఉంది?

కావలి_టు_టొరినో:
బాగుంది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

కీసర_పందిరి:
ముక్క మెత్తగా ఉడికిందా?

కావలి_టు_టొరినో:
మెత్తగానే ఉంది. 15 శాతం సంగతి మాత్రం మీరింకా చెప్పలేదు.