ఎడమ వైపు కెమెరాకు కనపడకపోతే నౌకను సగమే కట్టాలా?

పటమట ఆర్ట్:
అందరికీ నమస్కారం. ఒక విషయంలో మీ అభిప్రాయం కావాలి, మొహమాటం లేకుండా చెప్పండి.

బెజవాడలో కొద్దిమందిమి కలిసి పిల్లల కోసం ఒక టీవీ సీరియల్ మొదలుపెట్టాం. కథ మొత్తం ఒక అంతరిక్ష నౌకలో జరుగుతుంది. కథ ప్రకారం నౌక పొడవు 120 మీటర్లు. పీఎస్ఎల్వీ రాకెట్ ఎత్తు 44 మీటర్లు కదా, అలాంటివి మూడు వరసగా పడుకోబెడితే ఇంచుమించు మా నౌకంత. నమూనా 1.2 మీటర్లు కడుతున్నాం, అంటే నూరో వంతు. ముందు సిబ్బంది గదులు, నడుం దగ్గర తిరిగే చక్రం, వెనక ఇంజన్లు, వాటి పక్కన వేడిని బయటికి వదిలే పలకలు. కుడి వైపున చిన్న నౌక బయటికొచ్చే తలుపు.

మా దర్శకుడు ఎడమ వైపు కట్టొద్దంటున్నాడు. షాట్లన్నీ కుడి వైపు నుంచే రాసుకున్నాం, ఆ డబ్బు లైట్లకు పెడదాం అంటాడు. ఆయన చూపించే సాక్ష్యం మొదటి స్టార్ ట్రెక్ సీరియల్ నౌక, ఎంటర్‌ప్రైజ్. మ్యాట్ జెఫ్రీస్ గీసిన ఆ నౌకకు 1964లో 11 అడుగులు దాటిన నమూనా కట్టారు, చెక్కతో, ప్లాస్టిక్‌తో, రేకుతో. దాదాపు ఎప్పుడూ కుడి వైపు నుంచే తీశారు. తర్వాత లోపల లైట్లు పెట్టి వైర్లన్నీ ఎడమ వైపు నుంచి బయటికి లాగారు. ఆ వైపు పనితనం పూర్తి చెయ్యలేదు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. "అంత పేరున్న నౌకకే ఎడమ వైపు లేదు, మనకెందుకు?" అన్నది ఆయన ప్రశ్న.

నేను మాత్రం పూర్తిగా కట్టాలనే అంటాను. సీరియల్ కథ ముందే గీసిపెట్టిన గీత మీద నడవదు. వెళ్లిన నౌక ఏదో ఒక వారం వెనక్కి తిరగాలి, తిరిగిందంటే ఎడమ వైపు చూపించాలి. స్టార్ ట్రెక్ వాళ్లు ఆ ఇబ్బంది వచ్చినప్పుడు నౌక మీది అక్షరాలను తిరగేసి అతికించి, తీసిన ఫిల్మును అద్దంలో బొమ్మలా తిప్పేశారు. మాకు అదీ కుదరదు. తిప్పితే కుడి తలుపు ఎడమకు పోతుంది. పోయిన వారం కుడి తలుపులోంచి బయటికెళ్లిన పిల్లాడు ఈ వారం ఎడమ తలుపులోంచి లోపలికి వస్తాడు. ఎనిమిదేళ్ల పిల్లలు అది పట్టేస్తారు.

కెమెరా సూర్యారావుపేట:
నా ఓటు మీ దర్శకుడికే అన్నా. నమూనా తీయడమంటే ఏంటో చెప్తాను, అప్పుడు డబ్బు ఎటు పోవాలో మీకే తెలుస్తుంది.

1.2 మీటర్ల వస్తువు 120 మీటర్లలా కనపడాలంటే ముక్కు నుంచి తోక దాకా అంతా స్పష్టంగా ఉండాలి. ఏ మాత్రం మసకబారినా అది బొమ్మని తెలిసిపోతుంది. అందుకని లెన్స్ రంధ్రం బాగా చిన్నది చెయ్యాలి. చిన్నది చేస్తే వెలుతురు చాలదు, ఒక్కో ఫ్రేముకు సెకను, రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాలి. అంటే కెమెరా మనిషి చేతిలో ఉండే పని కాదు. రైలు పట్టా లాంటి పట్టా మీద కెమెరా మోటారుతో వెంట్రుకవాసి చొప్పున జరగాలి. పైగా ఒకే కదలికను మళ్లీ మళ్లీ అచ్చం అలాగే నడిపించాలి: ఒకసారి ఎండ పడ్డట్టు, ఒకసారి కిటికీ లైట్లు మాత్రం వెలిగించి, ఇంకోసారి వెనక తెల్లటి తెర పెట్టి నౌకను నల్లటి నీడగా. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తేనే ఒక్క షాట్. రెండోసారి పట్టా ఒక మిల్లీమీటరు తప్పినా కిటికీ లైట్లు గోడ మీద వెలుగుతాయి.

డబ్బు ఆ పట్టాకు పెట్టండి. ఎవరూ చూడని ఎడమ వైపుకు కాదు. ఇంకోటి, వైర్లు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. స్టాండు ఎక్కడో ఒకచోట గుచ్చాలి. దానికి మీరు వదలాల్సిన చోటు అదే.

గ్రాఫిక్స్ గుంటూరు:
అసలు చేత్తో ఎందుకండీ కట్టడం? 1993లోనే బాబిలాన్ 5 సీరియల్ వాళ్లు అమీగా కంప్యూటర్లతో నౌకలన్నీ చేసేశారు. ఇవాళ మీ జేబులో ఫోను ఆ అమీగా కన్నా ఎన్నో రెట్లు బలమైనది. కంప్యూటర్లో కుడి వైపు చేస్తే ఎడమ వైపు ఒక్క మీటతో వస్తుంది. తలుపు ఒక వైపే కావాలా, తీసెయ్యండి. చక్రం తిప్పాలా, తిప్పండి. మీ గొడవే ఉండదు.

కెమెరా సూర్యారావుపేట:
తమ్ముడూ, 2019లో మాండలోరియన్ అనే స్టార్ వార్స్ సీరియల్ తీసినవాళ్ల దగ్గర ప్రపంచంలోనే పెద్ద గ్రాఫిక్స్ బృందాల్లో ఒకటి ఉంది. అయినా అందులోని రేజర్ క్రెస్ట్ నౌకకు రెండడుగుల నమూనా చేత్తో చేయించుకున్నారు. దాన్ని తీయడానికి కెమెరా యంత్రాన్ని ఆ బృందంలోని జాన్ నోల్ సొంతంగా తయారు చేసుకున్నాడు. రేకు మీద వెలుతురు జారే తీరు కోసమే కదా అదంతా.

గ్రాఫిక్స్ గుంటూరు:
వాళ్లు కొన్ని షాట్లకే వాడారు, మిగతావి కంప్యూటర్లోనే చేశారు. ఆ మాట కూడా చెప్పాలి. మంచి గ్రాఫిక్స్ కూడా రేకు మీద వెలుతురు చూపించగలదు, చేసేవాడికి టైమిస్తే. మనవాళ్లు ఇవ్వరు, శుక్రవారం అడిగి సోమవారం కావాలంటారు. ఆ లెక్కన నమూనాయే నయమంటే ఒప్పుకుంటాను. కానీ ఒకటి అడుగుతాను. పటమట ఆర్ట్ గారూ, మీ నౌక పైన అతికించేదేంటి?

పటమట ఆర్ట్:
పాత రేడియోల సర్క్యూట్ బోర్డులు, సిరంజిలు, పెన్ను మూతలు, ప్లాస్టిక్ ట్యాంకు కిట్లలో ముక్కలు. గొట్టాలు, పెట్టెలు, కవాటాలు బయటికి కనపడితే నౌక పెద్దదిగా అనిపిస్తుంది. 1975లో స్పేస్ 1999 సీరియల్‌కు బ్రయాన్ జాన్సన్ చేసిన ఈగిల్ నౌక అలాంటిదే. దాని పెద్ద నమూనా 44 అంగుళాలు, ఇంచుమించు మాదంతే. తెనాలిలో ఇనప తుక్కుతో విగ్రహాలు చేసేవాళ్ల పని దగ్గర నుంచి చూశాను. బోల్టులు, చైన్లు, బేరింగులు కలిసి కండలుగా, నరాలుగా మారిపోతాయి. మా నౌకకూ ఆ కళ రావాలని నా పట్టుదల.

గ్రాఫిక్స్ గుంటూరు:
అదీ సంగతి. మీ ఖర్చు ఎడమ వైపు వల్ల రావట్లేదు, అతికించే ముక్కల వల్ల వస్తోంది. ఎంటర్‌ప్రైజ్ గీసిన జెఫ్రీస్ రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో ఎగిరినవాడు. బాగుచేయాల్సిన యంత్రాలు లోపల ఉండాలి, మరమ్మతు కోసం మనిషిని శూన్యంలోకి పంపకూడదు అని నౌక పైభాగం నున్నగా ఉంచాడు. అది డబ్బు లేక చేసింది కాదు, ఆలోచించి చేసింది. మీరూ పైన తగ్గించండి. నున్నటి నౌకకు రెండు వైపులూ పూర్తి చేసినా మీరిప్పుడు ఒక్క వైపుకు పెడుతున్నంత అవ్వదు.

బ్రాడీపేట ఫిజిక్స్:
నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. నున్నగానా, ముక్కలతోనా అన్నది మీరే తేల్చుకోండి. నాకు ఆ తిరిగే చక్రం గురించి మాట్లాడాలని ఉంది. ఎందుకంటే మీ దర్శకుడి వాదన అక్కడే వీగిపోతుంది.

చక్రం దేనికి? తిరిగితే లోపల ఉన్నవాళ్లకు బరువు తెలుస్తుంది. వ్యాసార్థం 30 మీటర్లు అనుకుందాం. నిమిషానికి రెండు చుట్లు తిరిగితే భూమ్మీద బరువులో 13 శాతం మాత్రమే వస్తుంది, చంద్రుడి మీద కన్నా తక్కువ. అదే వేగంతో భూమ్మీద ఉన్నంత బరువు కావాలంటే వ్యాసార్థం 224 మీటర్లు కావాలి. ఇంకా జోరుగా తిప్పొచ్చు కదా అంటే లోపలివాళ్లకు తల తిరుగుతుంది. కాబట్టి మీ పిల్లలు ఆ గదుల్లో గెంతుతూ నడవాలి. నటులకు ముందే చెప్పండి, అది చాలా అందంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ చక్రం నౌక పొడవునా ఉన్న ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు ఎడమ వైపున్న గది పదిహేను సెకన్లలో కుడి వైపుకు వస్తుంది. చక్రానికి ఎడమా కుడీ లేవు. సగం కట్టిన చక్రం ఒక్క షాట్‌లో కూడా పనికిరాదు.

లెక్క ఇంకొంచెం ఉంది. నిమిషానికి రెండు చుట్లంటే చుట్టుకు 30 సెకన్లు. టీవీకి సెకనుకు 25 ఫ్రేములు, అంటే చుట్టుకు 750 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు చక్రం అర డిగ్రీ కన్నా తక్కువ కదలాలి. కెమెరా మిత్రుడు చెప్పినట్టు ఫ్రేముకు రెండు సెకన్లు తీసుకుంటే, ఒక్క చుట్టు తీయడానికి 25 నిమిషాలు పడుతుంది. అంత నెమ్మదిగా, వణకకుండా తిప్పే మోటారు మీ దగ్గరుందా?

పొగ, పేలుడు, దుమ్ము ఉంటే మాత్రం ఇలా ఫ్రేము ఫ్రేముగా తీయలేం. అప్పుడు వేగంగా తీసి నెమ్మదిగా చూపించాలి. నూరో వంతు నమూనాకు నూరుకు వర్గమూలం పది, కాబట్టి మామూలు 25కు పది రెట్లు, సెకనుకు 250 ఫ్రేములు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
మాస్టారు అడిగిన మోటారు సంగతి నేను చెప్తాను. ముందు చక్రానికి కరెంటు ఎలా ఇస్తారో చూడండి. చక్రం గదుల్లో లైట్లున్నాయి కదా. మామూలుగా వైరు లాగితే రెండు చుట్లకే మెలిపడి తెగుతుంది.

లారీ ఆల్టర్నేటర్ విప్పి చూడండి. రోటర్ షాఫ్టు మీద రెండు రాగి రింగులు, వాటిని రాసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు. రోటర్ ఎంత తిరిగినా కరెంటు లోపలికి పోతూనే ఉంటుంది. అదే మీకు కావాల్సింది. మా వీధిలో పాత ఆల్టర్నేటర్ తుక్కు రేటుకే దొరుకుతుంది. 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీకి అది చాలా ఎక్కువ. ఒక్క జాగ్రత్త. బ్రష్ ఎక్కడైనా క్షణం వదిలితే లైటు మిణుకుమంటుంది. లారీలో అది లెక్కలోకి రాదు, మీ ఫ్రేములో తెలిసిపోతుంది. చక్రం లోపలే ఒక కెపాసిటర్ పెట్టండి, ఆ క్షణం అది నిలబెడుతుంది. బ్రష్‌లు కొత్తవి వేసి, రింగులు నీటి ఎమరీ కాగితంతో నునుపు చేయించండి.

వైపర్ మోటార్ పెడదామా అనుకుంటారు, వద్దు. ఆగి ఆగి ఖచ్చితంగా కదలాలంటే స్టెప్పర్ మోటారే. కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ రౌటర్ యంత్రాలు బిగించేవాళ్లు ఇక్కడున్నారు. కెమెరా పట్టాకూ చక్రానికీ ఒకే బోర్డు నుంచి సిగ్నల్ ఇస్తే రెండూ కలిసి నడుస్తాయి.

కొండపల్లి కోడలు:
మీరు చెక్కతో కడుతున్నారా? ఏ చెక్క?

పటమట ఆర్ట్:
తెల్ల పొణికి అమ్మా, మీ కొండపల్లి బొమ్మలకు వాడే చెక్కే. తేలిగ్గా ఉంటుందని, చెక్కడం సులువని తీసుకున్నాం. వెన్నెముకకు మాత్రం అల్యూమినియం గొట్టం.

కొండపల్లి కోడలు:
అయితే సగం వదిలే మాట మర్చిపోండి. మా ఇంట్లో బొమ్మల పనే. పొణికిని సన్నటి సెగ మీద బాగా ఆరబెట్టాకే చెక్కుతాం. ముక్కలను చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. దాని మీద సుద్ద పూత, ఆ తర్వాతే రంగు. ఒక వైపు సుద్ద, రంగు, వార్నిషు వేసి రెండో వైపు పచ్చి చెక్క వదిలారనుకోండి, ఆ వైపు మాత్రమే గాలిలో తేమ పీలుస్తుంది. ఒక వైపు ఉబ్బుతుంది, రెండో వైపు ఉబ్బదు. చెక్క వంగుతుంది. మన ఊళ్లో వానాకాలం గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముక్కు వంగిన నౌకను ఎటు నుంచి తీస్తారు?

పైన ముక్కలు అతికించకపోతే పోయింది, పూతలు మాత్రం రెండు వైపులా ఒకేసారి, ఒకే మందంలో వెయ్యాలి.

ఇంకొక మాట. కిటికీలు డ్రిల్ చేస్తారు కదా, అవి సుద్ద వెయ్యకముందే చెయ్యండి. సుద్ద మీద డ్రిల్ పెడితే అంచులు పెచ్చులు లేస్తాయి. ఎడమ కిటికీలు తర్వాత చూద్దాం అనుకుంటే ఆ తర్వాత అనేది లేదు.

కెమెరా సూర్యారావుపేట:
చక్రం విషయంలో మాస్టారి మాటకు ఎదురు లేదు. పూతలు రెండు వైపులా వెయ్యండి, అమ్మ చెప్పింది న్యాయం. కిటికీ కన్నాలూ ఇప్పుడే పెట్టండి. కానీ ఎడమ వైపు లైట్లు, పలకలు, ముక్కలు ఇప్పుడు వద్దనే నా మాట. పైగా నా మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు: స్టాండు ఎక్కడ? వైర్లు ఎక్కడ?

పటమట ఆర్ట్:
ఇస్తాను. స్టాండు గుచ్చడానికి ఒక్క చోటు కాదు, నాలుగు చోట్లు పెడుతున్నాం: తోకలో ఇంజన్ గొట్టం, కడుపు కింద, ముక్కు, ఎడమ పక్క. నాలుగూ లోపలి అల్యూమినియం గొట్టానికే బిగుస్తాయి. ఏ షాట్‌కు ఏది కెమెరాకు కనపడదో అందులోంచి కడ్డీ, ఆ కడ్డీ లోపల నుంచే వైర్లు. మిగతా మూడింటికీ మూతలు, మూత మీద చుట్టుపక్కల ఉన్న రంగే, గీతలే. ఎడమ నుంచి తీసే రోజున కడ్డీ తోకలోకి మారుతుంది. అందుకే ఒక వైపును బలివ్వాల్సిన పనిలేదంటున్నాను. ఆ రోజుల్లో వైర్లు లావు, బల్బులు వేడి. మనకు ఎల్ఈడీలు, జుట్టంత వైర్లు.

గ్రాఫిక్స్ మిత్రుడి మాట కూడా తీసుకుంటున్నాను, కొంతవరకు. సిబ్బంది గదులు నున్నగానే ఉంటాయి, రెండు వైపులా. ముక్కలన్నీ ఇంజన్ల దగ్గరకు చేరుస్తాను, అక్కడ తగ్గించను. వేడి పలకలు రెండు వైపులా ఉండాల్సిందే. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా వేడిని వదిలించుకోవడానికి పెద్ద పెద్ద పలకలున్నాయి. శూన్యంలో గాలి లేదు కాబట్టి వేడి ఇంకెటూ పోదు. పిల్లలకు అది చెప్పే సన్నివేశం కూడా రాసుకున్నాం. ఒక వైపే పలకలున్న నౌకను చూపించి ఆ పాఠం చెప్పలేను.

కెమెరా సూర్యారావుపేట:
నాలుగు చోట్ల బిగింపు బాగుంది. అప్పుడు పట్టా డబ్బు ఎక్కడి నుంచి?

పటమట ఆర్ట్:
ముక్కలు తగ్గించినదాంట్లో కొంత వస్తుంది. ఎడమ లైట్లు రెండో విడతలో వేద్దాం, వైరు దారి మాత్రం ఇప్పుడే తొలిచిపెడతాం. దర్శకుడికి ఈ చర్చంతా పంపించాను. ఎడమ పలకల విషయంలో ఆయన ఇంకా ఒప్పుకోలేదు, చక్రం విషయంలో ఒప్పుకున్నాడు.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
చక్రం షాఫ్టు ఎంత లావో మిల్లీమీటర్లలో చెప్పండి. దానికి సరిపడే ఆల్టర్నేటర్ రింగులు తీసి పక్కన పెడతాను.