స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి ప్యాడీనా, ఎస్‌ఎస్‌ఐనా (ఈ రెండూ డైవింగ్ కోర్సులు, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు)? మంచి ఇన్‌స్ట్రక్టర్‌ని గుర్తుపట్టేదెలా?

మాది విజయవాడ. చిన్నప్పటి నుంచి కృష్ణలో ఈత కొట్టినవాణ్ణి, కాబట్టి కోర్సులో అడిగే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం అంటే నాకు భయం లేదండీ. ఈ చలికాలం అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లి ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సు చేద్దామని డబ్బు దాచుకున్నాను. ప్యాడీ అయినా ఎస్‌ఎస్‌ఐ అయినా 18 మీటర్ల లోతు వరకే, సముద్రంలో కనీసం నాలుగు డైవ్‌లు, మరి తేడా అంతా నేర్పేవాళ్లలోనే ఉందనిపిస్తోంది. నిరుడు ఒకచోట సరదాగా డైవ్ చేస్తే, చెవుల్లో ప్రెషర్ ఎలా సరిచేసుకోవాలో హడావుడిగా చెప్పేసి కిందికి లాక్కెళ్లిపోయారు, రెండు రోజులు చెవి నొప్పి. అప్పట్నుంచి అదే టెన్షన్. ప్యాడీలో ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎనిమిది మంది దాకా ఉండొచ్చట, నాకైతే నలుగురికి మించకుండా, మాస్క్‌లో చేరిన నీళ్లు తీసేయడం లాంటివి బాగా వచ్చేదాకా ఓపిగ్గా చేయించేవాళ్లు కావాలి, తెలుగు మాట్లాడితే మరీ మంచిది. ఫోన్‌లో ఏం అడిగితే వాళ్ల పద్ధతి తెలుస్తుంది? చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగాలి కదా, మొత్తం ఎన్ని రోజులు పెట్టుకోవాలి? అక్కడ నేర్చుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.