సంగటిలోకి మాంసం లేని పులుసు: మీల్ మేకరా, అలసంద ఉండలా?

సంగటిముద్ద (కడప):
శనివారమో, కార్తీకమో వస్తే సంగటిలోకి నాటుకోడి పులుసు బదులు ఏం చేయాలనేది ప్రతి ఇంట్లో ఉండే గొడవే. నా మాట సూటిగా చెప్తా: మీల్ మేకర్ వద్దు. పైన కారం, లోపల చప్పిడి నీళ్ళు. ఎంత మసాలా దట్టించినా సోయా వాసన పోదు. అలసంద వడ, కోడికూర ఎట్లాగూ మన పండగ జోడీ. కోడి లేనినాడు అదే అలసందలు నూరి, ఉండలు చేసి పులుసులో వేస్తే సరిపోతుంది. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

చెనిక్కాయ (అనంతపురం):
అన్నా, ఆ చప్పిడి నీళ్ళు పిండకపోతే మిగిలేవి. నూనె తీసేసిన సోయా పిండిని మిషన్లో వేడి మీద, ఒత్తిడితో నొక్కి తీస్తే వచ్చే గుల్ల ముక్క అది. గుల్ల నిండా నీళ్ళుంటే పులుసు పట్టేదెక్కడ?

నలుగురికి 100 గ్రాములు చాలు. లీటరున్నర నీళ్ళు మరిగించి, చెంచా ఉప్పేసి, ముక్కలు 4-5 నిమిషాలు ఉంచి చన్నీళ్ళలోకి తీయాలి. రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండాలి. మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ పిండుడు. మొదటిసారి నీళ్ళు నురగతో పచ్చగా దిగుతాయి చూడండి, వాసనా, కడుపుబ్బరం తెచ్చే చక్కెరలూ చాలావరకు వాటితోనే పోతాయి. ‘బలం పోతుంది’ అని ఆ నీళ్ళే పులుసులో పోసేవాళ్ళకు వాసన పోక ఏం చేస్తుంది? పిండిన ముక్కకు ఉప్పు, కారం, పసుపు, అల్లం తెల్లగడ్డ, రెండు చెంచాల పెరుగు పట్టించి, చెనిక్కాయ నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించాలి.

సంగటిముద్ద (కడప):
ఇంత చాకిరీ చేసినా పులుసు నీళ్ళ మాదిరే ఉంటుంది కదా. సంగటి ముద్దకు అంటుకోదు.

చెనిక్కాయ (అనంతపురం):
అసలు సంగతి అదే. నాటుకోడి పులుసు చిక్కదనం ఎముకల్లోంచి దిగే జిగురుది, తోలు కింది కొవ్వుది. మీల్ మేకర్లో కొవ్వు నూటికి ఒక గ్రాము కూడా ఉండదు. మసాలా వాసనలు కరిగేదేమో నూనెలో. పోయిన కొవ్వు బయటి నుంచి ఇవ్వకుండా ముక్కను తిడితే ఎట్లా?

వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ విత్తనాలు 50 గ్రాములు, ఎండు టెంకాయ 25, ధనియాలు రెండు చెంచాలు, గసాలు ఒక చెంచా, కొంచెం చెక్క, లవంగం కలిపి మెత్తగా నూరండి. నాలుగు చెంచాల నూనెలో రెండు ఎర్రగడ్డలు బాగా ఎర్రబడ్డాక ఈ ముద్ద వేసి, నూనె పక్కలకు తేలేదాకా సన్న సెగ మీద కలుపుతూనే ఉండాలి. చెనిక్కాయ ముద్ద అడుగంటడానికి క్షణం చాలు, మాడిన చేదు ఇక పోదు. ముప్పావు లీటరు వేడినీళ్ళు పోసి, ముక్కలు వేసి పదిహేను నిమిషాలు. ఉండలకైనా ఇదే పులుసు పెట్టుకోవచ్చు.

బేడలడబ్బా (ప్రొద్దుటూరు):
ఉండల సంగతి కడపన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. పులుసులో విచ్చిపోయేవే అవి! అలసందలు 200 గ్రాములు ఆరు గంటలు నానాలి (పొట్టు తీసిన బేడలైతే మూడు చాలు), జల్లెడలో అరగంట వాడ్చాలి. చుక్క నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా నూరాలి. మరీ మెత్తగా నూరితే ఉడికాక ఉండ రాయి. పచ్చి ఉండ నేరుగా పులుసులో వేస్తే పిండి బిగుసుకునేలోపే నీళ్ళు దూరి విడిపోతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరికి 12-15 నిమిషాలు పెట్టి, చివరి ఐదు నిమిషాల్లో వేయండి. ఉండ పులుసు తాగేస్తుంది కాబట్టి ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువే పోయండి.

గింజల్నే వేసేవాళ్ళకు ఒక మాట: చింతపండు రసం గింజ ఉడికాకే. పులుపు ముందు తగిలితే మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళతోనూ అదే తంటా.

బురుజుకింద (కర్నూలు):
ఎవరూ ప్రొటీన్ ఊసే ఎత్తలేదు. ప్యాకెట్ మీద నూటికి 52 గ్రాములని ఉండేది ఎండు ముక్కల లెక్క. నానాక బరువు దాదాపు మూడింతలవుతుంది, అంటే నూరు గ్రాముల తడి ముక్కల్లో సుమారు 17. మనిషికి 25 గ్రాముల ఎండు మీల్ మేకర్ అంటే 13 గ్రాములు, 50 గ్రాముల అలసందలంటే 12. పోట్లాడేంత తేడా లేదు. సంగటి చేసే రాగుల్లో తక్కువుండే లైసిన్ (ప్రొటీన్‌లో ఒంటికి అవసరమైన ఒక భాగం) రెండూ ఇస్తాయి.

నా ఓటు కైమా ఉండలకు. మీల్ మేకర్ రవ్వ 100 గ్రాములు వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి గుడ్డలో పిండాలి. రెండు గంటలు నానిన శనగబేడలు (ఎండువి 100 గ్రాములు) కచ్చాపచ్చాగా నూరి కలపాలి. సోయా ప్రొటీన్ మిషన్లోనే బిగుసుకుపోయి ఉంటుంది, తనంతట తాను మళ్ళీ పట్టుకోదు. పట్టు ఇచ్చేది పచ్చి బేడల పిండి, పైన మూడు చెంచాల పుట్నాల పప్పుల పొడి. ఎర్రగడ్డ తరుగు, ఉప్పు సరిగ్గా ఉండ కట్టబోయేటప్పుడే వేయాలి, ముందుగా వేస్తే నీరొదిలి జారిపోతుంది.

సంగటిముద్ద (కడప):
ముద్దకు అంటుకునే పులుసు వరకు ఒప్పుకుంటా, వాసన మీద తగ్గను. ఆ కైమా ఉండలు ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

బురుజుకింద (కర్నూలు):
పచ్చిది పెట్టొద్దన్నా, తెల్లారేసరికి నీరు చేరి పులిసిపోతుంది. ఆవిరికి ఉడికించి, ఆరాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఆగుతాయి. పులుసులో వేసే ముందు కొంచెం నూనెలో దొర్లించు, నీకు గిట్టని ఆ వాసన కూడా తగ్గుతుంది.